దొడ్డమ్మ నోట్లో దూది

మొన్న అమలాపురంలో నా దవడపన్ను పీకించుకున్నాను. పీకుతుంటే పెద్దగా నొప్పి తెలియలేదు. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. డాక్టరుగారు పన్ను ఊడిన గుంటలో దూది ఉండ పెట్టి, "గట్టిగా కరిచిపట్టుకోండమ్మా, మాట్లాడకండి" అన్నారు. ఆ మాటకి పక్కనున్న మా ఆయన మొహం వెలిగిపోయింది. ఉద్యోగం పర్మినెంటైన రోజు కూడా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు నేను.

బండి మీద ఇంటికొస్తుంటే దారిపొడుగునా ఆయనే మాట్లాడాడు. పెళ్ళైనప్పట్నుంచీ నా ఎదుట అనలేక కడుపులో దాచుకున్నవన్నీ బయటపెట్టాడు. నా పులుసులో చింతపండు ఎక్కువట. బండి నడిపేది తనైతే బ్రేకులు నేను వేస్తానట. ఎవరింటికెళ్ళినా "వస్తామండీ" అన్నాక గుమ్మంలో ఇంకో అరగంట నిలబడతానట. వెనక కూర్చుని వీపు మీద ఒకటి చరచడం తప్ప నేనేం చెయ్యగలను? అదృష్టవంతుడు, కానివ్వమనుకున్నాను.

డాక్టరుగారు జాగ్రత్తలన్నీ బయట ఆయనకే చెప్పారు. నేను తల దిమ్మెక్కి కూర్చున్నాను గనక వినలేదు. వినక్కర్లేదు కూడా. దూది ఎంతసేపు ఉంచుకోవాలో నాకు తెలుసు. మా దొడ్డమ్మ పన్ను పీకించుకున్ననాడు వెంట వెళ్ళినదాన్ని నేనే. పొద్దున్న పెట్టిన దూది రాత్రి పడుకునేదాకా తియ్యకూడదు.

ఆవిడ పోయి ఏడాది దాటింది. దవడ పట్టుకుని వరండాలో కూర్చుంటే ఆవిడే కళ్ళముందు మెదిలింది. దొడ్డమ్మ అంటే మా అమ్మకి అక్క. కొత్తపేటకి దగ్గర్లో ఉన్న మా ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. నా చిన్నప్పుడే నాన్న పోవడంతో మా ఇంటికి పెద్ద ఆవిడే అయింది. ఆవిడకి రెండు ఆస్తులు. ఒకటి పళ్ళు, రెండోది నోరు. పళ్ళ గురించి ఆవిడ ఊరందరికీ చెప్పేది. నోటి గురించి ఊరందరూ చెప్పుకునేవారు.

డెబ్బై దగ్గర పడుతున్నా ముప్ఫై రెండు పళ్ళూ పుట్టినచోటే ఉన్నాయని ఆవిడ గొప్ప. బొగ్గుపొడీ ఉప్పూ తప్ప ఇంకోటి నోట్లో పెట్టి ఎరగదు. నేను పేస్టుతో తోముకుంటుంటే నిలబడి చూసి, "నురగ కక్కుకోవడం తప్ప ఏముందే అందులో?" అనేది. చిప్పలోనే ఎండి రాయిలా అయిన కురిడీ కొబ్బరి ముక్క ఎప్పుడూ ఆవిడ కొంగు చివర ముడిలో ఉండేది. ఎవరైనా పన్ను నొప్పంటే చాలు, ముడి విప్పి ఆ ముక్క తీసి వాళ్ళ మొహం ముందే కటకటా నమిలేది. ఆవిడ దగ్గర దొరికే ఓదార్పు అదే.

ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా పరామర్శకి మొదట గుమ్మమెక్కేది ఆవిడే. చేతిలో బన్నురొట్టె, రెండు కొబ్బరి బొండాలు, నోట్లో ఒక చావు కబురు. హెర్నియా ఆపరేషనై ఇంటికొచ్చిన పోస్టుమాస్టరుగారి మంచం పక్కన కూర్చుని, "మా పాత హెడ్మాస్టరుగారికీ ఇదే ఆపరేషనండి. చాలా బాగా చేసేరండి. పెట్టె మూసేదాకా ఆయన మొహంలో కళ తగ్గలేదండి" అంది. పోస్టుమాస్టరుగారు ఆ రొట్టె ముట్టుకోలేదని వాళ్ళావిడ మాకు చెప్పింది.

ఇంతకన్నా ప్రమాదం ఆవిడ ప్రార్థన. మామూలుగా ఎవరినైనా ఓ మాట అంటే వాళ్ళు తిరిగి ఓ మాట అంటారు. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుని తలలొంచుకుని ఉంటారు గనక తిరిగి అనే వీలు లేదు. ఈ సౌకర్యం కనిపెట్టింది మా దొడ్డమ్మే. చర్చిలో స్త్రీల కూడికలో లేచి నిలబడి, "ప్రభువా, ఈ చాప మీద కూర్చున్న నీ బిడ్డల్లో ఒకామె అత్తగారికి నిన్నటి అన్నం పెడుతోంది. పేరు నేను చెప్పను తండ్రీ, పచ్చరంగు చీర కట్టుకుంది" అనేది. కళ్ళు మూసుకున్నవాళ్ళందరూ ఒక్కసారి తెరిచి పచ్చచీర కోసం వెతికేవారు.

పెళ్ళెందుకు చేసుకోలేదండీ అని ఎవరైనా అడిగితే, "నాకు సరిపడా పళ్ళున్నవాడు దొరకలేదండి" అని నవ్వేది. అమ్మ చెప్పిన కథ వేరు. వయసులో ఉండగా ఒక మంచి సంబంధం వచ్చిందట. అబ్బాయి తల్లి, పిల్లని ఒక పాట పాడమన్నదట. "పాట వినడానికొచ్చేరా, పిల్లని చూడ్డానికొచ్చేరా?" అన్నదట ఈవిడ. వాళ్ళు టీ గ్లాసులు అలాగే వదిలేసి లేచిపోయారు. వాళ్ళెక్కిన బస్సు మలుపు తిరిగేదాకా ఈవిడ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడే ఉందట. ఆ తర్వాత ఏ సంబంధం వచ్చినా వద్దంది. ఈ కథ ఎత్తితే మాత్రం, "మీ అమ్మకి కథలల్లడం చిన్నప్పట్నుంచీ అలవాటు" అని కొట్టిపారేసేది.

తన పెళ్ళి తప్పితే తప్పింది, నా పెళ్ళి మీద పడింది. మొదటి సంబంధంలో కుర్రాడిని, "ఓసారి నవ్వు బాబూ" అంది. పాపం, మర్యాదకి నవ్వాడు. "చిగుళ్ళు చూసేవా? ఈ పళ్ళు నలభై దాటవు. ఆ తర్వాత మా పిల్ల జావ కాస్తూ కూర్చోవాలి" అని వాళ్ళ ముందే మా అమ్మతో అంది. రెండో సంబంధంలో తండ్రిగారు, "మావాడికి చెడ్డలవాట్లేం లేవండి" అంటే, "మంచివేమున్నాయండి?" అని అడిగింది. ఆయన పైకప్పు చూస్తూ ఆలోచించి ఆలోచించి టీ చల్లార్చుకున్నాడు. మూడో సంబంధాన్ని ప్రార్థనతోనే పంపించేసింది. "ప్రభువా, ఈ అబ్బాయి చేసేది గవర్నమెంటు ఆఫీసులోనో, ఆ ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులోనో నీ ఒక్కడికే తెలుసు తండ్రీ" అంది. ఆమెన్ అనేవాళ్ళు లేరు.

ఎదురింటి రైతుగారి భార్యకి నా మీద జాలేసింది. "మురమళ్ళ వెళ్ళి స్వామికి కల్యాణం చేయించండమ్మా, ఇట్టే కుదిరిపోద్ది" అని అమ్మకి చెప్పింది. మా తాతల నాటినుంచీ చర్చికి వెళ్ళే ఇల్లు మాది. అయినా అమ్మ రెండ్రోజులు ఆలోచించిందంటే మా పరిస్థితి మీరే ఊహించుకోండి.

అలాంటప్పుడు నాలుగో సంబంధం వచ్చింది. వచ్చిందనడం అబద్ధం, నేనే రప్పించాను. అమలాపురంలో నేను పనిచేసే కాలేజీలోనే ఆయనా లెక్చరరు. ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. ఈయన కాకపోతే ఇంకెవరూ వద్దని తేల్చుకున్నాను. ఆయన తల్లిని ఒప్పించడానికి ఆయనకి ఒక వేసవి మొత్తం పట్టింది. ఈ సంగతి అమ్మకి చెప్పాను. దొడ్డమ్మకి చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు. మామూలు సంబంధమే, శనివారం సాయంత్రం చూసుకోడానికి వస్తున్నారని మాత్రం చెప్పాం. ఆవిడ కొంగు సర్దుకుని, "రానీ" అంది. ఆ ఒక్క మాటకే నాకు నిద్ర పట్టలేదు.

అప్పటికి కొన్నాళ్ళుగా ఆవిడ దగ్గర లవంగం వాసన వస్తోంది. కొంగు ముడిలో కురిడీ ముక్క మాయమైంది. అన్నం ఒక పక్కనే నములుతోంది. దవడపన్ను పుచ్చిందని మాకు అర్థమైంది. డాక్టరు దగ్గరికి వెళ్దామని అమ్మ ఎప్పుడన్నా, "నా పళ్ళకేం రోగం? నీ కళ్ళు చూపించుకో ముందు" అనేది. ముప్ఫై రెండు కాస్తా ముప్ఫై ఒకటైతే ఊళ్ళో తలెత్తుకోవడమెలా అని ఆవిడ బెంగ.

అలాంటి మనిషి శనివారం తెల్లారేసరికి బ్యాగు భుజాన వేసుకుని నా మంచం దగ్గర నిలబడింది.

"లేవే. అమలాపురం వెళ్ళాలి. పన్ను పీకించుకుంటాను."

"ఇవాళా?" అన్నాను.

"నొప్పి నీదా నాదా?"

అమ్మ బతిమాలింది. "అక్కా, సాయంత్రం వాళ్ళొస్తున్నారు కదా, సోమవారం వెళ్దువుగానిలే."

"సోమవారానికి నేను బతికుంటానని రాసిచ్చేరా నీకు?" అంది దొడ్డమ్మ, చెప్పులేసుకుంటూ.

ఇన్నాళ్ళూ ఓర్చుకున్న నొప్పికి నా పెళ్ళిచూపుల రోజే దొరికిందా అని నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సులో ఆవిడ పక్కన కూర్చోకుండా వెనక సీటుకి వెళ్ళి ఏడుస్తూ కూర్చున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కొత్తపేటలో పీకించుకోవచ్చు గానీ, అక్కడ కాంపౌండరు దగ్గర్నుంచి మందులషాపు కుర్రాడిదాకా ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. అందుకని అమలాపురం. మొహానికి మాస్కు, కళ్ళకి నల్లద్దాలు, తల మీద ముసుగు. దొంగతనానికి వెళ్ళేవాళ్ళు కూడా అంత తయారవ్వరు.

డాక్టరు గదిలోకి నన్ను రానివ్వలేదు. లోపల్నుంచి చాలాసేపు ఆవిడ గొంతే వినిపించింది. తర్వాత ఆగిపోయింది. బయటికొచ్చేసరికి ఒక బుగ్గ ఉబ్బి, పెదాలు బిగించి ఉంది. ఏమైందన్నాను. నోట్లో దూది చూపించింది. గోడ గడియారం చూపించి, చెంప కింద చెయ్యి పెట్టి నిద్రపోతున్నట్టు తలవాల్చి, పెదాల మీద వేలు పెట్టుకుంది. రాత్రి పడుకునేదాకా మాట్లాడకూడదన్నమాట. నాకు అప్పటికీ కోపమే. నలుగురి ముందు దవడ వాచి మూగదానిలా కూర్చుంటుంది, ఇది ఇంకో రకం అవమానం అనుకున్నాను.

ఇంటికొచ్చాక మధ్యాహ్నం వంటింట్లో బ్యాగులోంచి ఇంకో దూది ఉండ తీసి మార్చుకోవడం చూశాను. రక్తం ఆగలేదేమో అనుకున్నాను తప్ప, ఎలా ఉంది దొడ్డమ్మా అని అడగలేదు.

నాలుగింటికి వాళ్ళొచ్చారు. ఆయన, వాళ్ళమ్మగారు, ఒక మేనమామగారు. మా దొడ్డమ్మ నోటి సంగతి వాళ్ళు ముందే విని ఉన్నారని ఆ కూర్చోవడంలోనే తెలుస్తోంది. ముగ్గురూ కుర్చీల అంచుల మీద కూర్చున్నారు.

"టీచరుగారు బావున్నారాండి?" అన్నారు వాళ్ళమ్మగారు.

దొడ్డమ్మ ముసుగు ఉబ్బిన బుగ్గ మీదికి లాక్కుని తల ఊపింది.

"ఎండలు మండిపోతన్నాయండి ఈ ఏడాది."

మళ్ళీ తల ఊపింది.

మా సీమ తెలియనివాళ్ళకి ఇది అర్థం కాదు. ఇక్కడ మనిషిని తిట్టినా కొట్టినా ఫరవాలేదు, మాటకి మర్యాదగా ఆయ్ అనకపోతే మాత్రం పగపట్టినట్టే. దాయాదులు కోర్టు మెట్ల మీద కలుసుకున్నా, "వచ్చేరాండి?" అంటే "ఆయ్, వచ్చేనండి" అనుకునే లోపలికి వెళ్తారు. అటువంటి చోట ఇంటిపెద్ద ఆయ్ అనకుండా తల ఊపుతోందంటే దాని భావం ఏమై ఉంటుంది? ఆవిడ పక్కనే కూర్చున్న అమ్మ, దూది సంగతి చెప్పెయ్యాలా వద్దా అని నా వంక చూసింది. దొడ్డమ్మ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని నొక్కింది. పన్ను సంగతి బయటపడకూడదు.

"పెద్దవారు, ప్రార్థన చెయ్యండి టీచరుగారు" అన్నారు మేనమామగారు.

దొడ్డమ్మ కాసేపు ఆయన్ని చూసి, అమ్మని చూపించింది. జన్మలో పదిమందిలో ప్రార్థన చేసి ఎరగని అమ్మ లేచి, "ప్రభువా, అందరూ బావుండాలి, ఆమెన్" అని కూర్చుంది. మా ఇంట్లో అంతకన్నా మంచి ప్రార్థన నేను మళ్ళీ వినలేదు.

టీలు వచ్చాయి. దొడ్డమ్మ కన్నార్పకుండా పెళ్ళికొడుకు మూతి వంకే చూస్తోంది. ఆయన వచ్చినప్పట్నుంచీ పెదాలు విప్పలేదు, నవ్వాల్సినచోట కూడా ముక్కుతోనే నవ్వుతున్నాడు. మత్తు దిగి దవడ సలుపుతోందేమో, ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. వాళ్ళమ్మగారు ఇక తట్టుకోలేకపోయారు. టీ గ్లాసు కింద పెట్టేశారు.

"వదినగారండి, మీరు కనిపెట్టేసేరని నాకు తెలిసిపోయిందండి. ఉన్నమాట చెప్పేస్తానండి. మావాడి ముందుపన్ను కట్టుడు పన్నండి."

"అమ్మా" అన్నాడు ఆయన.

"నువ్వూరుకో. స్నేహితులతో పందెం కాసి, నోటితో కొబ్బరికాయ పీచు ఒలవబోయేడండి. కాయ బాగానే ఉందండి, పన్నే ఊడిపోయింది. చదువుకునే రోజుల్లోనండి. మీరు పళ్ళు చూస్తారని చెప్పేరండి, అందుకని నవ్వొద్దని నేనే చెప్పి తీసుకొచ్చేను. ఇంకే దాపరికం లేదండి మా దగ్గర."

నాకూ తెలియదు ఆ సంగతి. రోజూ బస్సులో పక్కన కూర్చుని నవ్విన నవ్వులో ఒక పన్ను కొన్నదన్నమాట. దొడ్డమ్మ వంక చూశాను. అయిపోయింది, ఇక దూది ఉమ్మేసి అందుకుంటుంది అనుకున్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. కళ్ళమ్మట నీళ్ళు జారాయి. నవ్వు ఆపుకుంటోందని నాకూ అమ్మకీ తెలుసు. వాళ్ళమ్మగారికి తెలియదు గనక, "ఎంత మెత్తటి మనసండి మీది" అని ఆవిడా కళ్ళు తుడుచుకున్నారు. దొడ్డమ్మ లేచి వెళ్ళి ఆయన తల మీద చెయ్యి పెట్టింది. ఒక్క మాట లేకుండా నా సంబంధం కుదిరిపోయింది.

మూడోనాటికి ఆవిడ నోరు తిరిగొచ్చింది. మొదటి మాట నాతోనే. "జావలో ఉప్పు వెయ్యడం కూడా రాదు, దీనికి పెళ్ళొకటి" అంది. చల్లటివి తినమన్నారని ఐస్‌క్రీమ్ డబ్బా తెప్పించింది. అది చంటిపిల్లల తిండి అని జీవితమంతా వెక్కిరించిన మనిషి, తలుపేసుకుని మరీ తినేది. చూడ్డానికొచ్చినవాళ్ళకి దవడకి గాలి కొట్టిందని చెప్పింది. ముప్ఫై రెండు పళ్ళ గొప్ప తను పోయేదాకా చెప్పుకుంటూనే ఉంది. ఇక ప్రధానం రోజున చర్చిలో ప్రార్థనకి లేచి, "ప్రభువా, ఈ కుర్రాడి పన్నులాగే మా పిల్ల వంట కూడా కట్టుడుదే, ఎవరి లోటు వాళ్ళకి తెలియనివ్వు" అంది. మా అత్తగారు కళ్ళు తెరిచి, "ఆవేళ మాట్లాడకుండా కూర్చున్నావిడ ఈవిడేనా?" అని పక్కావిడని అడిగారట. ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు.

ఇవన్నీ తలుచుకుంటూ కూర్చుంటే మొన్న మా ఆయన వచ్చి, "టైమైంది, దూది తీసెయ్" అన్నాడు. నేను తలడ్డంగా ఊపి, చెంప కింద చెయ్యి పెట్టి చూపించాను.

"రాత్రిదాకానా? ముప్పావుగంట చాలన్నారు డాక్టరుగారు."

కాదని చెయ్యి ఊపాను. నా మౌనం ఆయనకెంత ఇష్టమైనా, నేను తప్పు అని రుజువు చేసే అవకాశం అంతకన్నా ఇష్టం. వెంటనే ఫోను చేసి స్పీకరు పెట్టాడు. డాక్టరుగారు ఆనాటి ఆయనే, జుట్టు నెరిసింది అంతే.

"రాత్రిదాకా ఎందుకండి? ఎవరికైనా ముప్పావుగంటేనండి. తీసేసి మాట్లాడుకోవచ్చు" అన్నారు.

"మా ఆవిడ వాళ్ళ దొడ్డమ్మగారికి రాత్రిదాకా ఉంచమన్నారంటండి మీరు. కొత్తపేట దగ్గర టీచరుగారండి, నల్లద్దాలు పెట్టుకుని వచ్చేరంట."

డాక్టరుగారు నవ్వారు. "ఆయ్, ఆవిడని మర్చిపోతానాండి? ముందు నీ నోరు చూపించు, పళ్ళు బాగుంటేనే నాది తెరుస్తానన్నారండి. రాత్రిదాకా అని నేను చెప్పలేదండి. పన్ను పీకకముందే ఆవిడే అడిగేరు, రాత్రిదాకా దూది ఉంచుకుంటే ప్రమాదమా అని. ప్రమాదం లేదు గానీ అవసరం లేదండి అన్నాను. 'నీకు లేదు, నాకుంది. మా పిల్ల మనసుపడ్డ కుర్రాడు సాయంత్రం వస్తన్నాడు. నా నోరు సంగతి నాకు తెలుసు. ఇంకో నాలుగు ఉండలు కట్టివ్వు' అన్నారండి."

ఆయన ఇంకా ఏదో చెబుతున్నారు. నేను వినలేదు. ఆవిడకి తెలుసు. మేం చెప్పకుండానే తెలుసుకుంది. ఆ బస్సులో వెనక్కి తిరిగి చూడకుండా కూర్చున్నప్పుడూ తెలుసు. తన పెళ్ళప్పుడు మూసుకోలేకపోయిన నోటిని నా పెళ్ళికి దూది పెట్టి మూసుకుంది. ఊరందరికీ చెప్పాల్సిన గొప్ప ఇది. పన్ను గురించి అబద్ధాలాడిన మనిషి దీని గురించి ఒక్క ముక్క చెప్పకుండా పోయింది. నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆవిడ ఎదురుగా ఉంటే అరిచేదాన్ని.

వెళ్ళి దూది తీసి పారేసి, నోరు పుక్కిలించి వచ్చి మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చున్నాను. దారిలో మా ఆయన అన్నవాటికి ఒక్కొక్కదానికీ జవాబు సిద్ధం చేసి పెట్టుకున్నాను, చింతపండు దగ్గర్నుంచి. ఒక్కటీ అనలేదు. ఆయన కాసేపు చూసి, కంగారుపడి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"పులుసు సంగతి ఊరికే అన్నాను" అన్నాడు.

నేను దవడ పట్టుకుని వీధిలోకి చూస్తున్నాను.

"నొప్పిగా ఉందా?"

ఇంట్లో నేను ఆయనకి ఎప్పుడూ అనని మాట, నోరు తెరిచేసరికి అదే వచ్చింది.

"ఆయ్" అన్నాను.